మినమాతా మార్జాలములు

పిల్లి విషము తిన్నదని తెలిసిన యింటిలో ఆ గడియలో సలహాలకు లోటుండదు. ఒకరు ఉప్పునీళ్లు పోయుమందురు, ఒకరు పాలు పట్టుమందురు, మరియొకరు చింతపులుసు గొంతులో వంచి కక్కింపుమందురు. పశువైద్యులు వీనిలో దేనిని మెచ్చరు. ఉప్పు మితి మీరినచో అదియే వేరొక విషమగును. ఆమ్లములు, క్షారములు మ్రింగిన జీవిచేత కక్కించినచో దిగునపుడు కాలిన గొంతు ఎక్కునపుడు మరల కాలును. కిరసనాయిలు వంటివి కక్కునపుడు ఊపిరితిత్తులలోనికి జారి ప్రాణమునకు ముప్పు తెచ్చును. మనకు జ్వరము దించు పారాసిటమాల్ మాత్ర యొక్కటి పిల్లి నెత్తురును ప్రాణవాయువు మోయలేనిదానిగా జేయగలదు. ఏలయన ఆ మందును విరిచి వెలికి పంపు శక్తి మన కాలేయమునకున్నట్లు పిల్లి కాలేయమునకు లేదు. కావున వైద్యుడు చెప్పు క్రమము వేరు: ముందు గిన్నె తీసివేయవలెను; మిగిలిన పిల్లులను, ఇంటిలోని పసివాండ్రను ఆ దరికి పోనీయరాదు; తిన్నదాని శేషమును, మందు డబ్బాను, కక్కినదానిని పొట్లము గట్టి పిల్లితో పాటు ఆలస్యము లేక వైద్యుని యొద్దకు కొనిపోవలెను. ఎలుకల మందైనచో అందు కొన్నింటికి ‘కె’ విటమిను విరుగుడు, పారాసిటమాల్‌కు వేరొకటి, కొన్నింటికి సంస్కరించిన బొగ్గుపొడి. విరుగుడునకు విషము పేరు కావలెను గాని, గిన్నె తీయుటకు పేరుతో పనిలేదు.

ఇంత చిన్న సంగతిని ఒక పట్టణమును, దాని పైనున్న ప్రభుత్వమును పండ్రెండేండ్లు పాటింపకుండిన కథ యొకటి జపానులో జరిగినది. అది మొదలైనది పిల్లులతోనే.

జపాను దక్షిణమున క్యూషూ ద్వీపపు పడమటి యొడ్డున, కుమామోతో మండలములో, షిరనుయి సముద్రము ఒడ్డున మినమాతా యున్నది. ఎదుట దీవులు అడ్డుగా నుండుట వలన ఆ సముద్రము పెద్ద చెరువువలె నిలుకడగా నుండును. చేపలు గ్రుడ్లు పెట్టుటకు అనువైన లోతులేని అఖాతములు, నాచు పెరిగిన రాళ్లు, రొయ్యలు, ఆల్చిప్పలు, నత్తలు సమృద్ధిగా నుండెడివి. వెనుకటి కాలమున ఊరివారు ఉప్పుమళ్లు చేసి, చేపలు పట్టి, కొండవాలున కొద్దిపాటి సేద్యము చేసి బ్రదికెడివారు. జాలరి పల్లెలలో పిల్లి విలాసవస్తువు కాదు, పనివాడు. మన కోస్తా యందువలెనే అచ్చటను వలలకు పరమశత్రువు ఎలుక. ఎండవేసిన నూలు వలను ఒక్క రాత్రిలో కొరికి, కుటుంబమును అప్పులపాలు సేయగలదు. అందుచేత ప్రతి యింట పిల్లి, ఒక్కొక్క యింట రెండు మూడు పిల్లులు నుండెడివి. వానికి జీతము పడవ దిగిన చిల్లర చేపలు, చేప పేగులు, తలలు. ఇంటివారు తిను చేపయే పిల్లియు తినెడిది. తేడా యొక్కటే, తన శరీరపు బరువుతో పోల్చినచో పిల్లి భాగము ఇంటివారి భాగముకంటె ఎంతో హెచ్చు. ఈ తేడా తరువాత పెద్ద సాక్ష్యమైనది.

1906లో నొగుచి షితగవు అను ఉత్సాహవంతుడగు ఇంజనీరు దాపుననే యున్న సొగి యను చోట జలవిద్యుత్కేంద్రమును నెలకొల్పెను. మిగిలిన విద్యుత్తును వినియోగించుటకు 1908లో మినమాతాలో కార్బైడు కర్మాగారమును పెట్టెను. అదియే పిమ్మట చిస్సో యను పేర ప్రసిద్ధి కెక్కిన కంపెనీ. మొదట అది ఎరువులు చేసినది. ఆ యెరువులతో జపాను పొలములు పండినవి, ఉప్పుమళ్ల పల్లె పట్టణమైనది, రైలు ఆగినది, ఆసుపత్రి వెలసినది. కర్మాగారపు మురుగు అఖాతములోనికి పోయి చేపలు తగ్గగా జాలరులు మొరపెట్టుకొనిరి. 1926లో కంపెనీ వారికి 1,500 యెన్లు ‘సానుభూతి సొమ్ము’గా ఇచ్చి, ఇకమీదట ఎన్నడును ఫిర్యాదు చేయబోమని వ్రాయించుకొనెను. ఈ షరతును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను; కథలో ఇది మరియొకసారి తారసిల్లును.

1932లో ఆ కర్మాగారమున ఎసిటాల్డిహైడ్ అను రసాయనమును తయారు చేయ మొదలిడిరి. ఎసిటిలీను వాయువును పాదరసపు లవణము కలిసిన ఆమ్లజలములోనికి పంపినచో ఎసిటాల్డిహైడ్ పుట్టును. దాని నుండి సిర్కాకు మూలమగు ఎసిటిక్ ఆమ్లము, పిదప ప్లాస్టికును మెత్తబరచు ద్రవ్యములు సిద్ధించును. పాదరసము ఈ క్రియలో ఉత్ప్రేరకము మాత్రమే, అనగా పని చేయించి తాను మిగిలిపోవలసినది. కాని అందు కొంచెము చెదరి, అచ్చటనే సేంద్రియరూపము దాల్చి, మిథైల్ పాదరసమై కడుగునీటితో వెలికి పోయెను. 1951లో క్రియను నడుపు సహాయద్రవ్యమును మార్చిన పిదప ఆ విషము పాలు పెరిగినది. ఉత్పత్తియు పెరిగి 1960 నాటికి సంవత్సరమునకు 45,000 టన్నులు దాటెను. ఈ పద్ధతిని మినమాతాలో రూపొందించిన హషిమొతొ హికొషిచి కర్మాగారాధిపతిగా పనిచేసి, పిమ్మట ఆ పట్టణమునకే మేయరైనాడు. పట్టణమునకు వచ్చు పన్నులలో దాదాపు సగము కంపెనీదే. కర్మాగారముపై నోరు విప్పువాడు తన యన్నములో తానే మన్ను పోసికొనువాడని ఊరిలో అధికుల యభిప్రాయము. ఆ యభిప్రాయమును తేలికగా నిందింపజాలము. నిజముగనే అన్నము అచ్చటినుండి వచ్చుచుండెను.

హ్యక్కెన్ అను కాలువ గుండ ఆ నీరు అఖాతమున గలిసెడిది. 1950 దాటిన పిదప అచ్చట చేపలు వెల్లకిల తేలుట, కాకులు ఎగురుచునే నేలగూలుట జనులు చూచిరి. అటుపిమ్మట పిల్లుల వంతు వచ్చెను. ఆరోగ్యముగా నున్న పిల్లి హఠాత్తుగా వెనుకకాళ్లు పట్టుదప్పి తూలును. నోట చొంగ కారును. నిలిచినచోటనే గిరగిర తిరుగును. ఒక్కుమ్మడి బాణమువలె పరుగెత్తి గోడకు ముక్కు రాచుకొనును. పొయ్యిలోనికో, సముద్రములోనికో ఉరుకును. పిల్లులు ఆత్మహత్య చేసికొనుచున్నవని జనులు చెప్పుకొనిరి. ఈ వ్యాధికి వారు పెట్టిన పేరు ‘పిల్లి నాట్యరోగము’. చూచి నవ్వినవారును లేకపోలేదు. నాట్యమని పేరు పెట్టినచో బాధ కంటికి ఆనదు.

1954 ఆగస్టు 1వ తేదీన కుమామోతో దినపత్రిక యొకటి చిన్న వార్త ప్రకటించెను. మోదో అను జాలరి పల్లెలో పిల్లులు దాదాపు అంతయు నశించినవట, ఎలుకలు విజృంభించి వలలను పాడుచేయుచున్నవట, కనుక ఎలుకల నిర్మూలనమునకు సాయము చేయవలసినదని పల్లెవారు పురపాలక సంఘమును కోరిరట. ఎంత న్యాయమైన కోరిక! పిల్లులు పోయెను గనుక పిల్లుల పని ఎవరైన చేయవలెను గదా. ఇతర గ్రామముల నుండి క్రొత్త పిల్లులను తెచ్చుకొనిరి. అవియు ఒకటి రెండు నెలలలో అట్లే తూలి, తిరిగి, చచ్చినవి. ఊరంతయు పిల్లులకు బదులు పిల్లులను తెచ్చుచుండెనే గాని, అవి తిన్నదేమని అడిగినవారు లేరు. పిల్లి ముందరి గిన్నెలో నున్నదే ఇంటివారి పళ్లెములో నున్నదని తెలిసియు, ఆ రెంటికి ముడి పెట్టుటకు మనసొప్పలేదు కాబోలు.

1956 ఏప్రిల్ మాసములో ఆరేండ్లు నిండని బాలిక యొకతెను కంపెనీ ఆసుపత్రికి తెచ్చిరి. నడవలేదు, మాటాడలేదు, చేతులు వంకరలు పోవుచున్నవి. కొన్ని దినములలో ఆమె చెల్లెలు, అటుపిమ్మట ఇరుగుపొరుగువారు వచ్చిరి. ఆసుపత్రి పెద్ద డాక్టరు హొసొకవా హజిమె మే 1వ తేదీన ఆరోగ్యశాఖ కార్యాలయమునకు కబురంపెను: కేంద్రనాడీమండలమునకు సంబంధించిన కారణము తెలియని వ్యాధి వ్యాపించినది. ఆ దినమునే మినమాతా వ్యాధి బయటపడిన దినముగా చరిత్రకారులు లెక్కింతురు. అంటువ్యాధి యేమోనను భయముతో రోగుల యిండ్లలో మందునీళ్లు చల్లిరి. దుకాణములవారు ఆ యింటివారి చేతి నాణెములను తాకరైరి. ఆ సంవత్సరము నవంబరు నాటికే కుమామోతో విశ్వవిద్యాలయ పండితులు ఇది అంటువ్యాధి కాదని, అఖాతపు చేపలు, చిప్పల ద్వారా సంక్రమించు ఏదో భారలోహపు విషమని చెప్పిరి. ఏ లోహమో మాత్రము తెలియదు. మాంగనీసనిరి, సెలీనియమనిరి, థాలియమనిరి.

ఇచ్చటనే అసలు ప్రశ్న. 1957లో మినమాతా ఆరోగ్యకేంద్రాధికారి ఇతో హసువొ పిల్లులకు అఖాతపు చేపలనే పెట్టి చూచెను. కొద్దివారములలోనే అవి నాట్యమాడినవి. పిల్లి తిన్న గిన్నె యేదో ఇంతకంటె స్పష్టముగా తెలియుట కవకాశము లేదు. మండల ప్రభుత్వము ఆహార పరిశుభ్రతా చట్టమును అమలుపరచి ఆ చేపల విక్రయమును నిషేధింప దలచి, కేంద్ర మంత్రిత్వశాఖ యభిప్రాయము నడిగెను. సెప్టెంబరులో ప్రత్యుత్తరము వచ్చెను: అఖాతములోని సమస్తమైన చేపలు, చిప్పలును విషపూరితములైనవని స్పష్టమైన నిదర్శనము లేదు గనుక చట్టము వర్తింపదు. ఈ వాక్యమును ఎన్నిసార్లు చదివినను నాకు ఆశ్చర్యము తీరదు. ఒక గిన్నెలోని మెతుకులన్నియు విషమని ఋజువు కానంతవరకు గిన్నె తీయరాదట! చేపలు తినకుండుట మేలని జాలరులకు హితవు చెప్పి అధికారులు ఊరకుండిరి. కాని నష్టపరిహారము లేని హితవు ఆకలి ముందర నిలువదు. చేప తప్ప వేరు కూడు లేనివారు చేపనే తినిరి. బలవర్ధకమని రోగులకును చేపయే పెట్టిరి.

పేరు కనుగొనుటకు మరి రెండేండ్లు పట్టెను. 1958లో వచ్చి చూచిన బ్రిటిషు నాడీవైద్యుడు మెకాల్పైన్, చూపు చుట్టును కుంచించుకొనిపోవుట, నడక తడబడుట, మాట ముద్దయగుట అను మూడు లక్షణములును కలిసియుండుట గమనించెను. 1940లో హంటరు మొదలగువారు విత్తనములకు పట్టించు మందు చేయు కర్మాగారపు పనివారిలో వర్ణించిన సేంద్రియ పాదరస వ్యాధి యిట్టిదే. తకెయుచి అను రోగనిదాన పండితుడు చనిపోయినవారి మెదళ్లను, పిల్లుల మెదళ్లను పరీక్షించి అదే త్రోవకు వచ్చెను. 1959 జూలై 22న విశ్వవిద్యాలయము విషము సేంద్రియ పాదరసమని ప్రకటించెను. హ్యక్కెన్ కాలువ నోటియొద్ద బురదలో టన్నుకు రెండు కిలోగ్రాముల పాదరసమున్నట్లు తేలినది. గనిగా త్రవ్వినను గిట్టుబాటగునంతటి పాలు అది! ఆ బురదనుండి పాదరసమును తీసి అమ్ముటకు కంపెనీ తరువాత ఒక ఉపసంస్థనే నెలకొల్పినది.

ఈ విషము నడక విచిత్రమైనది. కడుపులో పడిన మిథైల్ పాదరసములో నూటికి తొంబదిపాళ్లకు పైగా నెత్తురున గలియును. అచ్చట ఒక సహజమైన ఆమ్లముతో జోడుగూడి, శరీరమునకు కావలసిన పోషకపదార్థము వేషము వేసికొని, మెదడునకు కాపలాగా నున్న పొరను దాటును. చిన్నమెదడులోని కణములను, చూపునకు సంబంధించిన భాగమును తినివేయును. మాయను కూడ దాటి గర్భస్థశిశువును చేరును. తల్లికి లక్షణములు స్వల్పముగా నున్నను బిడ్డ జన్మతః వికలాంగియై పుట్టును. పిల్లిచేత కక్కించుటకు గాని, బొగ్గుపొడి పెట్టుటకు గాని ఇచ్చట అదను లేదు. లక్షణము కనబడునాటికి విషము తిని వారములు గడచి, మెదడులో చేరవలసినది చేరియే యుండును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున వాయువిషమునకు విరుగుడుగా బ్రిటిషువారు కనిపెట్టిన ‘బాల్’ అను మందు మామూలు పాదరస లవణములకు పనిచేయును గాని, ఈ సేంద్రియ పాదరసమును మరింతగా మెదడులోనికే నెట్టును. ఇట్టి విషమునకు ఉన్న ఒక్క చికిత్స అది నోటికి అందకుండ చేయుట.

ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడందురు. మినమాతాలో పట్టినవాడు ఆ యింటి వైద్యుడే. విశ్వవిద్యాలయము ప్రకటనకు ఒక్కదినము ముందు, 1959 జూలై 21న, హొసొకవా కర్మాగారపు ఆవరణలో ఒక పిల్లి యన్నముపై ఎసిటాల్డిహైడ్ శాఖ మురుగునీటిని దినమునకు 20 గ్రాముల చొప్పున పోసి పెట్టసాగెను. అంతకుముందు ఎన్నో పిల్లులపై ప్రయోగములు జరిగియుండెను. దీని సంఖ్య 400. చేప లేదు, సముద్రము లేదు, నడుమ వేరు మాధ్యమమేదియు లేదు. కాలువలోనికి పోవలసిన నీరు నేరుగా గిన్నెలోనికి వచ్చినది. రెండున్నర మాసములు పిల్లి బాగుగనే యున్నది. అక్టోబరు 6న దానికి వణకు పుట్టినది, కాళ్లు తూలినవి, చొంగ కారినది, పిదప గుండ్రముగా తిరిగి గోడకు కొట్టుకొన్నది. ఆ నెల 24న దానిని చంపి, అవయవములను పరీక్షకై క్యూషూ విశ్వవిద్యాలయమునకు పంపిరి. ఫలితము చిన్నమెదడు కణముల నాశనమే.

హొసొకవా సంగతిని కంపెనీ సాంకేతికాధికారులకు తెలిపెను. వారు, ఒక్క పిల్లితో ఏమి ఋజువగునని, ప్రయోగమును నిలుపుమని, ఫలితమును వెల్లడింపవలదని నిర్ణయించిరి. ఆ కాలువనీటిని మరల తెచ్చుకొనుట కతనికి అనుమతి లేకపోయెను. ఆ దినములలోనే బయట వాదములు చెలరేగుచుండెను. రసాయన పరిశ్రమల సంఘము పక్షమున ఒకరు యుద్ధాంతమున సముద్రములో పారవేసిన ప్రేలుడు పదార్థములే కారణమనిరి. టోక్యో ఆచార్యుడొకడు కుళ్లిన చేపలలోని అమీనులే విషమనెను. నవంబరు 12న ప్రభుత్వపు ఆహార పరిశుభ్రతా మండలి ఉపసంఘము సేంద్రియ పాదరసమే ప్రధానకారణమని నివేదింపగా, మరునాడు ఆ ఉపసంఘమునే రద్దు చేసిరి. పత్రికలలో ఈ వాదములన్నియు సమానముగా నిలిచినవి. పిల్లి సంఖ్య 400 వెల్లడియై యున్నచో పాదరసపు వాదము తప్ప తక్కినవి ఆనాడే నేలగూలెడివి. హొసొకవా మంచి వైద్యుడు, సజ్జనుడు, రోగుల యిండ్లకు కాలినడకన తిరిగినవాడు. ఐనను నోరు మెదపలేదు. ఆయనను దోషియని గట్టిగా చెప్పుటకు నాకు మనసు రాదు, నిర్దోషియని చెప్పుటకు అంతకంటె రాదు.

ఈలోగా 1958 సెప్టెంబరులోనే కంపెనీ మురుగు త్రోవను హ్యక్కెన్ నుండి మినమాతా నది ముఖద్వారమునకు మరల్చియుండెను. ఒక పిల్లి గిన్నెను తీసి ఊరి పిల్లులన్నిటి నడుమ నుంచినట్లయ్యెను. అంతవరకు సుఖముగా నున్న ఉత్తరపు పల్లెలలోను రోగులు కనబడిరి. 1959 నవంబరు 2న వేలకొలది జాలరులు కర్మాగారముపై బడి కార్యాలయములను ధ్వంసము చేసిరి. డిసెంబరు 19న కంపెనీ మహాడంబరముగా ‘సైక్లేటర్’ అను నీటి శుద్ధియంత్రమును ప్రారంభించెను. నీరు తేరుకొన్నది గాని, ఆ యంత్రము పాదరసమును తీయుటకు ఉద్దేశించినదే కాదు. డిసెంబరు 30న రోగుల కుటుంబములతో ఒడంబడిక కుదిరినది: పెద్దలకు సంవత్సరమునకు 1,00,000 యెన్లు, పిల్లలకు 30,000, చనిపోయినవారికి 3,00,000, అంత్యక్రియలకు 20,000. పేరు మరల ‘సానుభూతి సొమ్మే’. ముందుముందు వ్యాధికి కర్మాగారమే కారణమని తేలినను అదనముగా ఏమియు కోరబోమని రోగులు వ్రాసియిచ్చిరి. 400వ పిల్లి ఫలితము ఒక పక్షపువారి పెట్టెలో భద్రముగా నుండగా, రెండవ పక్షమువారు చేవ్రాలు చేసిన పత్రమది.

అంతటితో సంగతి ముగిసినదని దేశము తలచినది. 1963లో ఇరుకయమ అను ఆచార్యుడు కర్మాగారపు బురదలోనే సేంద్రియ పాదరసమును చూపినను కాలువ ఆగలేదు. 1965లో దూరమున నున్న నియిగతలో, అగనొ నదీతీరమున, వేరొక కంపెనీకి చెందిన అట్టి కర్మాగారము దిగువను అదే వ్యాధి బయలుదేరినది. 1968 మే మాసములో మినమాతాలో ఎసిటాల్డిహైడ్ తయారీ నిలిచిపోయెను. పాతపద్ధతికి కాలము తీరి, పెట్రోలియమునుండి చౌకగా చేయు పద్ధతి వచ్చియుండెను. ఆ సెప్టెంబరు 26న, అనగా కాలువలో పాదరసము పోవుట మానిన నాలుగు నెలలకు, ప్రభుత్వము వ్యాధికారణము కర్మాగారమేనని అంగీకరించెను. గిన్నె ఖాళీయైన పిదప గిన్నె తీసిరి. మరుసటియేడు ఇషిమురె మిచికొ యను గృహిణి తన పల్లెవారి బాధను గ్రంథముగా వెలువరించుటతో దేశము కనులు విప్పినది. 1971లో వచ్చిన అమెరికా ఛాయాగ్రాహకుడు యూజిన్ స్మిత్ చిత్రములతో ప్రపంచము చూచినది.

1969లో రోగులు కొందరు ఆ ఒడంబడికను ధిక్కరించి న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. ఉద్యోగవిరమణ చేసిన హొసొకవా అప్పటికి కాన్సరుతో ఆసుపత్రిలో నుండెను. 1970 జూలైలో న్యాయాధికారులు అతని మంచము వద్దకే వచ్చి వాఙ్మూలము తీసికొనిరి. 400వ పిల్లిని గూర్చి, అధికారులకు తాను చెప్పినదానిని గూర్చి, వారు నిలుపుమన్నదానిని గూర్చి ఆయన యంతయు చెప్పెను. మూడు నెలలకు మరణించెను. 1973 మార్చి 20న కుమామోతో న్యాయస్థానము తీర్పు చెప్పెను. రసాయన కర్మాగారము తన మురుగును వదలుటకు ముందే అది నిరపాయమని నిశ్చయించుకొనవలెనని, సందేహము కలిగిన క్షణముననే పని నిలుపవలెనని, ఆ సందేహమునకు తావు కలిగించు నిదర్శనములు కంపెనీ చేతిలోనే యుండెనని అందు స్పష్టపడినది. 1959 నాటి ఒడంబడిక రోగుల పేదరికమును, అజ్ఞానమును ఆధారము చేసికొన్నదగుటచే చెల్లదని కొట్టివేసిరి. పరిహారము ఒక్కొక్కరికి 1,60,00,000 యెన్ల నుండి 1,80,00,000 వరకు నిర్ణయమయ్యెను.

విషపు బురదను ఏమి చేయవలెననునది వేరొక సమస్య. 1977 మొదలు 1990 వరకు దానిని తోడి, అఖాతములో ఒక భాగమును పూడ్చి, 58 హెక్టారుల క్రొత్తనేల చేసిరి. చేపలు బయటి సముద్రమునకు పోకుండ కట్టిన వల 1997లో గాని విప్పలేదు. పాదరసపు వాడకమును అరికట్టుటకై 2013లో దేశములు కుదుర్చుకొన్న అంతర్జాతీయ ఒడంబడికకు మినమాతా పేరే పెట్టిరి. 2018లో మన దేశమును దానిలో చేరినది. పరిహారము మాత్రము అడిగిన ప్రతివానికి దొరకదు. రోగి యని ప్రభుత్వపు ధ్రువపత్రము కావలెను. 1977లో ఆ పత్రమునకు షరతులు బిగించిరి. కుమామోతో, కగొషిమా మండలములలో కలిపి 2,200 మందికి పైగా దానిని పొందగలిగిరి. పొందని వేలమంది, ఆనాడు షిరనుయి తీరమున చేప తిని పెరిగి నేడు వార్ధక్యమున చేతులు తిమ్మిరెక్కి బాధపడువారు, తమ వ్యాజ్యములను ఒక న్యాయస్థానము నుండి వేరొక న్యాయస్థానమునకు నడుపుకొనుచునే యున్నారు.